బాపు ఊ కొట్టిన యుద్ధం

యుద్ధాలు గెలిచిన మహానాయకుల జీవితచరిత్రలు రాసిన మనిషిని నేను. నవ్వొస్తే నవ్వుకోండి, నాకూ వస్తుంది. వరంగల్లు బీటుబజారు వెనక సందులో, మిరపకాయల ఘాటుకు పొద్దున్నే తుమ్ముకుంటూ లేచి, బడిపిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పుకొని బతికిన ఆడదానికి సేనాధిపతులతో ఏం పని చెప్పండి? తుపాకీ ముట్టుకున్నదాన్ని కాదు. మా ఊరి కోట తప్ప మరో కోట చూసినదాన్ని కాదు. అయినా డెబ్బైల్లో మొదలుపెట్టి ఎనభైల దాకా రాస్తూనే ఉన్నాను. ఆ నాయకుల పేర్లు మాత్రం ఇక్కడ రాయను. రాసీ రాసీ వేళ్ళు కాయలు కాచాయి, ఇంక చాలు. ఇది మా బాపు సంగతి, అంటే మా నాన్న సంగతి.

నాచేత మొదట రాయించినవాడు హనుమకొండ చౌరస్తాలో పుస్తకాల దుకాణం నడిపే ఆసామి. బడుల లైబ్రరీలకు అమ్ముకోవడానికి పల్చటి పుస్తకాలు తనే అచ్చువేసేవాడు. ఒకరోజు బడికి కావలసిన పటాల కోసం వెళ్తే, కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"టీచరమ్మా, దేవుళ్ల మీద, భక్తుల మీద పుస్తకాలు శానున్నయ్. యుద్ధం నడిపిన పెద్దోళ్ల మీద పిల్లలకు ఏం లెవ్వు. మీరు రాయున్రి. యుద్ధం ఉండాలె, గెలుపుండాలె, ఆఖర్ల ఒక నీతి ఉండాలె. గంతే."

"ఓడిపోయినోళ్ల గురించి రాయొద్దా?" అన్నాను.

"ఓడినోని పుస్తకం ఎవలు కొంటరమ్మా?" అని నా వంక జాలిగా చూశాడు.

అట్లా మొదలైంది నా రచన. ప్రతి పుస్తకం చివరా ఒక నీతి అతికించేదాన్ని. ధైర్యం విడవరాదు. ఐకమత్యమే బలం. చరిత్ర నుంచి మనం నేర్చుకోవాలి. ఏం నేర్చుకోవాలో నాకే సరిగ్గా తెలియదు, కానీ పిల్లలకు చెప్పడానికి అదేం అడ్డం కాదు కదా. ఎంతమంది చచ్చారో ఒక్క వాక్యంలో సర్దేసి, నీతి దగ్గరికి ఉరకడమే. దుకాణం ఆసామికి నచ్చేది. నాకు మాత్రం చప్పగా ఉండేది.

అసలు ఆ పని ఒప్పుకున్నది బాపు వల్ల. ఆయన మిరపకాయల వ్యాపారి. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివాడు. ప్రపంచమంతా కొట్టుకున్న ఆ పెద్ద యుద్ధం జరిగిన రోజుల్లో మా బజారు మొత్తానికీ రేడియో ఉన్న దుకాణం ఆయనదే. నేనప్పుడు తొట్టెలలో ఉన్నాను. పొద్దుగూకే వేళ రేడియోలో ఉర్దూ వార్తలు విని, అరుగు మీద కూర్చుని, బస్తాలు మోసే హమాలీలకు, బండ్లవాళ్ళకు, పక్క దుకాణాలవాళ్ళకు యుద్ధమంతా తెలుగులో చెప్పేవాడట. ఉత్త వార్త చెప్పి ఊరుకునే మనిషి కాదు. విమానం వస్తే చేతులు చాపేవాడట, ఫిరంగి పేలితే గల్లాపెట్టె మీద గుద్దేవాడట. అమ్మ ఆ మాట చెప్పినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆయనకు ఒక్కటే షరతు. వినేవాళ్ళలో ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగిందా, యుద్ధం ఆగేది. "ఊ కొట్టెటోడు లేకుంటే గోడకు చెప్పినట్టే" అనేవాడు. మా ఇళ్ళల్లో కథ చెప్పడమంటే అంతే. చెప్పేవాళ్ళు ఒకరు, ఊ కొట్టేవాళ్ళు ఒకరు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా కథ లేదు.

నేను రాసిన మొదటి పుస్తకాలన్నిటికీ ఊ కొట్టినవాడు బాపే. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద బాసిపట్టు వేసుకుని "ఇగ చదువు" అనేవాడు. ఊరికే ఊ కొడతాడా? "ఏందే, ఆ నది దాటుడు గింత అల్కగ రాసినవ్? రేడియోల వారం రోజులు చెప్పిండ్రు" అని అడ్డం తగిలేవాడు. ఒక్కోసారి నాకు చిర్రెత్తుకొచ్చి, "అయితే నువ్వే రాసుకో బాపూ" అని కాగితాలు విసిరేదాన్ని. నవ్వుతూ ఏరి ఇచ్చేవాడు. నాకు పెళ్ళెందుకు కాలేదని అడిగేవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పి పంపాను కాబట్టి మీకు చెప్పడానికి కొత్తది మిగల్లేదు. కానీ ఆ సాయంత్రాలు ఉన్నంతకాలం ఏదో తక్కువైందని నాకు అనిపించలేదు.

అమ్మ పోయింది. తమ్ముడు బ్యాంకు ఉద్యోగం దొరికి హైదరాబాదు వెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకుని, పిల్లలతో అక్కడే ఉండిపోయాడు. డెబ్బైల చివర, మిరప సీజను ముమ్మరంగా ఉన్న రోజుల్లో, బాపు దుకాణంలోనే బస్తాల మీదికి ఒరిగిపోయాడు. ఘాటుకు కళ్ళు తిరిగాయనుకున్నారట అందరూ. దవాఖానకు తీసుకెళ్ళేసరికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. నోరు తెరిచి ఏదో అనబోతాడు, "ఊ" ఒక్కటే వస్తుంది. మనిషి మాటలన్నీ పోయి అదొక్కటే ఎందుకు మిగిలిందో డాక్టరుకూ తెలియదు. "మాట వస్తే వస్తది, రాకుంటే లేదు. అంతా వింటున్నడో లేదో కూడ చెప్పలేం" అన్నాడు. దుకాణం మూసేశాం.

ఇంటికి తెచ్చిన తర్వాత కొన్నాళ్ళు నేను పెన్ను ముట్టుకోలేదు. తర్వాత ఒక సాయంత్రం, చెయ్యడానికి ఇంకేమీ తోచక, పాత పుస్తకం ఒకటి తీసి ఆయన పక్కన కూర్చుని చదివాను. మొదటి వాక్యం అయింది. "ఊ" అన్నాడు. రెండోది చదివాను. "ఊ" అన్నాడు. నేను పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు ఆపుకొని మళ్ళీ చదివాను.

ఆ సాయంత్రం తర్వాత మొదలుపెట్టిందే పెద్ద పుస్తకం. ఎవరూ అడిగింది కాదు, నీతి అక్కర్లేనిది. బాపు రేడియోలో విన్న ఆ యుద్ధంలో శత్రువు ఒక చలిదేశపు నగరాన్ని చుట్టుముట్టాడు. తిండి లేదు, నిప్పు లేదు. అయినా ఒకాయన ఆ నగరాన్ని అప్పగించకుండా చివరిదాకా నిలబెట్టాడు. బాపుకు యుద్ధంలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆయనే. రేడియోలో ఆ నగరం వార్త రాని రోజు అన్నం సహించేది కాదని అమ్మ చెప్పేది. ఆ ముట్టడి నాయకుడి జీవితం పుట్టుక నుంచీ రాయాలనుకున్నాను. హనుమకొండ గ్రంథాలయంలో దొరికిన లావాటి ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చుకుని, డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని, ఏళ్ళపాటు రాశాను. ఏ రోజు రాసింది ఆ రోజు బాపుకు చదివేదాన్ని.

ఊ కొట్టడంలో రకాలున్నాయని అప్పుడే తెలిసింది నాకు. పొట్టి ఊ అంటే కానియ్యి అని. సాగదీసిన ఊ అంటే బాగుందని. ముక్కులోంచి వచ్చే ఊ అంటే ఇంత సాగదీస్తావేమే అని. ఆ ఊని బట్టి వాక్యాలు కొట్టేసేదాన్ని, పేరాలు ముందుకూ వెనక్కూ జరిపేదాన్ని. బళ్ళో తోటి టీచర్లు చీరల సంగతి, పిల్లల జ్వరాల సంగతి మాట్లాడుకుంటుంటే, సాయంత్రం బాపు ఏ ఊ అంటాడో అని నేను లోపల్లోపల లెక్కలు వేసుకునేదాన్ని. నవ్వేవాళ్ళు నవ్వారు. "చెవిటోని ముంగట శంఖం ఊదినట్టు" అని వెనక అనడం నా చెవిన పడింది. పడితే పడనీ అనుకున్నాను.

పగలు నేను బడికి పోతే బాపును చూసుకునేది పక్కింటి పెద్దమ్మ. మంచి మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు.

"బిడ్డా, గాయినకు ఏమెరుక? అన్నిటికీ ఊ అంటడు. ఇయ్యాల ఉప్పుకు రేటు పెరిగిందని చెప్పిన. ఊ అన్నడు. పిల్లి మ్యావుమన్నది. దానికీ ఊ అన్నడు."

"నీకు తెల్వదు పెద్దమ్మా. నా దగ్గర వేరే తీరు అంటడు."

"అంటడు, అంటడు" అని నా తల నిమిరి పోయింది. ఆ తల నిమరడం నాకు నచ్చలేదు. ఆ రోజు రాసింది చదువుతూ చదువుతూ మధ్యలో ఆపి బాపు మొహంలోకి చూశాను. కళ్ళు గోడ మీద ఉన్నాయి. ఎటు చూస్తున్నాడో తెలియలేదు. నేను ఆగినా "ఊ" అన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒంటరితనం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఎవరూ లేకపోవడం కాదు అది. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, స్నానం చేయిస్తున్నాను, అన్నం కలిపి నోట్లో పెడుతున్నాను, రోజూ గంటలకొద్దీ మాట్లాడుతున్నాను. ఆయన అక్కడ ఉన్నాడో లేదో తెలియదు. అడగడానికి లేదు. అడిగితే ఊ అంటాడు. ఉన్నావా బాపూ అంటే ఊ, లేవా బాపూ అన్నా ఊ. ఇంట్లో రోజంతా నా గొంతు నాకే వినబడి విసుగొచ్చేది. అయినా పుస్తకం ఆపలేదు. ఆపితే నాకు మిగిలేదేముంది కనుక?

ఆ మధ్యనే నాకు హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషనిచ్చి నర్సంపేటకు వేశారు. రోజూ బస్సులో వెళ్ళి రావాలంటే పొద్దున పోయి చీకటిపడ్డాక ఇల్లు చేరాలి. వద్దని రాసిచ్చాను. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "హెడ్‌మాస్టరమ్మవయ్యేదానివి. ఎవలన్న వద్దంటరానే?" అని బాపు మంచం పక్కనే నిలబడి నన్ను తిట్టింది. "బాపును విడిచి ఎట్ల పోత?" అన్నాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

కొన్ని నెలలకు తమ్ముడు వచ్చాడు. ఎప్పుడూ వచ్చినట్టు పూట ఉండి పోవడానికి కాదు, సెలవు పెట్టి వచ్చాడు. అన్నం తిని, చెయ్యి తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"అక్కా, బాపును నేను తీస్కపోత. ఇల్లు పెద్దది తీస్కున్న. దగ్గర్లనే మంచి దవాఖాన ఉన్నది. నీ మరదలు గూడ సరే అన్నది. నువ్వు జర నీ సంగతి గూడ చూస్కో. నర్సంపేట పోస్టు వద్దన్నవంట గద."

పెద్దమ్మ నోరు! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేండ్లు యాదికి రాలేదా బాపు? ఇప్పుడు ప్రేమ పొంగి పొర్లుతాందా?" అన్నాను. అనరాని మాటలు ఇంకా అన్నాను. వాడు తల వంచుకుని అన్నీ పడ్డాడు. వాడు తిరిగి ఒక్క మాట అన్నా నాకు బాగుండేది. చివరికి లేచి బాపు మంచం దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు.

"బాపూ, నాతోని హైదరాబాదు వస్తవా?"

"ఊ" అన్నాడు బాపు.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను నవ్వాను. ఏడవలేక నవ్వడమంటే అదే కాబోలు. "వారీ, ఆయన అన్నిటికీ ఊ అంటడురా. పిల్లికి ఊ అంటడు. నువ్వు భద్రకాళి చెరువుల దుంకుదాం రమ్మన్నా ఊ అంటడు. ఆయనకేం తెల్వదు. ఆ ఊ పట్టుకొని నువ్వు తీస్కపోతవా?"

కోపం లేదు వాడి మొహంలో. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

"మరి గిన్నేండ్లు నువ్వు ఎవలికి చదివినవక్కా?"

లేచి పెరట్లోకి పోయి నల్లా కింద అంట్లు ముందేసుకుని కూర్చున్నాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అని పిల్లలకు ఎన్నిసార్లు వాక్యం రాయించానో, అందులో పడడం ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. బాపుకు ఏమీ తెలియదంటే, ఆయనను నేను ఉంచుకోవచ్చు. కానీ అప్పుడు ఇన్నేళ్ళ నా చదువు, నా పుస్తకం, ఆ సాగదీసిన ఊలు అన్నీ గోడకు చెప్పుకున్నవే. బాపుకు అంతా తెలుసంటే, నేను చదివిందంతా విన్నవాడే తమ్ముడికి ఊ అన్నాడు. నన్ను విడిచి వెళ్తానన్నాడు. రెండిట్లో ఏది నిజం కావాలో నాకే తేలలేదు. గిన్నెలు తోమిందే తోముతూ కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, బాపు మమ్మల్ని పట్టుకునే పద్ధతి. చిన్నప్పుడు మా ఇద్దరినీ చెరో పక్క పడుకోబెట్టుకుని కథ చెప్పేవాడు. నిద్ర ముంచుకొస్తున్నా మేం ఊ కొడుతూనే ఉండేవాళ్ళం. ఆయనకు అనుమానం వచ్చిందంటే, కథలో ఏదో పిచ్చిమాట దూర్చేవాడు. "ఏనుగు పోయి పోయి జొన్నకంకి మీద కూసున్నది." మేం "ఊ" అనేవాళ్ళం. "ఏం ఊ? ఏనుగు కంకి మీద కూసుంటదా?" అని చక్కిలిగిలి పెట్టేవాడు. వినేవాడైతే ఊ అనడు. ఊ అన్నాడంటే వినడం లేదు. మా ఇంట్లో దాన్ని మించిన సాక్ష్యం లేదు.

మరునాడు ఆదివారం. మధ్యాహ్నం తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచి చెప్పాను. "ఇప్పుడు నేను బాపుకు అబద్ధం చదువుత. ముట్టడి ఆయన కథల ఎన్నడు జరగనిది. ఊ అన్నడనుకో, ఆయనకు ఏం తెల్వనట్టే. నువ్వు ఇంక మాట్లాడకుంట ఒక్కనివే పోవాలె. ఊ అనలేదనుకో..."

"అనకుంటే తీస్కపోత" అన్నాడు వాడు నెమ్మదిగా.

బాపును దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాను. తమ్ముడు గడప దగ్గర కూర్చున్నాడు. నేను కాగితాలు తీసి, మొదట నిజమే చదివాను. నగరంలో రొట్టె కోసం జనం బారులు తీరడం. చలికి కొయ్య కుర్చీలు విరిచి పొయ్యిలో పెట్టడం. "ఊ." నాయకుడు రోజూ వీధుల్లో తిరుగుతూ జనం మధ్య కనబడడం. "ఊ." శత్రువు లొంగిపొమ్మని కబురు పంపడం. "ఊ." కాగితం మీద లేని మాటలు చదవడం మొదలుపెట్టాను.

"ఆ కబురు చూసి నాయకుడు భయపడ్డాడు. ఇంక లాభం లేదనుకున్నాడు. తెల్లజెండా కట్టించి, దారులన్నీ తెరిపించి, శత్రువుకు ఎదురెళ్ళి నగరాన్ని అప్పగించాడు."

ఆగాను.

బాపు ఏమీ అనలేదు.

వీధిలో రిక్షా గంట వినబడింది. ఆ చప్పుడులో బాపుకు సరిగ్గా వినబడలేదేమోనని మళ్ళీ చదివాను, గట్టిగా. "నగరాన్ని అప్పగించాడు బాపూ." బాపు ఎడమచెయ్యి లేచింది. మంచం పట్టె మీద దబదబా కొట్టాడు. మొహం ఎర్రబడింది. నా చేతిలోని కాగితాలను పట్టుకుని గుంజాడు. రెండు కింద పడ్డాయి. కళ్ళు గోడ మీద లేవు. నా మీద ఉన్నాయి, అడ్డం తగిలే రోజుల్లో ఎట్లా చూసేవాడో అట్లాగే.

నాకు కలిగింది సంతోషం. చెప్పకపోతే అబద్ధమవుతుంది. ముందు కలిగింది సంతోషమే. విన్నాడు! ఇన్నేళ్ళూ విన్నాడు, ప్రతి ముక్కా విన్నాడు! ఆయన చెయ్యి పట్టుకుని "తప్పు చదివిన బాపూ, అప్పగించలేదు, నీ మనిషి అప్పగించలేదు, అబద్ధం చదివిన" అని ఏడుస్తూ నవ్వాను. "ఊ" అన్నాడు సాగదీసి. పిచ్చిదానిలా తమ్ముడి వైపు తిరిగి, "చూసినవారా? నేను చెప్పలేదూ, వింటాండని?" అన్నాను. అన్న తర్వాత గానీ తెలియలేదు నేనేం అన్నానో.

తమ్ముడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. వాడు గెలిచినట్టు లేడు. నేనే అడగాలి, వాడు అడిగితే చెల్లదు అనిపించింది.

"బాపూ, తమ్మునితోని హైదరాబాదు పోతవా?"

"ఊ."

అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. ప్రాణం ఒప్పుకోలేదు. "ఈన్నే ఉంటవా? నాతోని?"

బాపు నన్ను చూస్తూనే ఉన్నాడు. ఎదురుచూశాను. ఆ పూట ఎంత ఎదురుచూశానో జీవితంలో దేనికీ చూడలేదు. ఊ రాలేదు.

రెండు రోజులు సర్దడానికే సరిపోయాయి. పంచెలు ఉతికి మడత పెట్టాను, మందులు ఏ వేళకు ఏవో మరదలికి అర్థమయ్యేటట్టు రాశాను, అన్నంలో పప్పు ఎంత మెత్తగా మెదపాలో తమ్ముడికి చేసి చూపించాను. ఆ పని చేస్తున్నంతసేపూ ఒక్కటే ప్రశ్న. ఎందుకు? నా ఉద్యోగం కోసమా, పెద్దమ్మ తిట్టిన తిట్లు విని? మనవళ్ళను చూసుకోవాలనా? నా చేతుల మీద స్నానం చేయడం ఆడపిల్ల చేత చాకిరీ చేయించుకోవడంగా అనిపించి సిగ్గుపడ్డాడా? లేక నా ముట్టడి పుస్తకం విని విని విసుగొచ్చిందా? అది కూడా కావచ్చు, ఎవరికి తెలుసు. అడిగాను. వంగి చెవి దగ్గర అడిగాను. "ఎందుకు బాపూ?" అంటే ఆయన నోరు కదిలింది. "ఊ" అన్నాడు. ఆ ప్రశ్నకు అది జవాబు కాదు.

నేనెన్ని జీవితచరిత్రలు రాశాను! ఫలానా నాయకుడు ఫలానా వేళ సైన్యాన్ని ఎందుకు వెనక్కి పిలిచాడో, సంధికి ఎందుకు ఒప్పుకున్నాడో, నేను ఆయన జేబులో కూర్చుని చూసినట్టు రాసిపారేశాను. కళ్ళతో చూడని మనుషులు, వినని భాషలు. పుట్టినప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్న బాపు మనసులో ఏముందో ఒక్క వాక్యం రాయమంటే నా దగ్గర లేదు. కోపం వచ్చింది నాకు, ఆయన మీదో నా మీదో తెలియని కోపం. ఆ కోపంలో ఆయన జుట్టుకు నూనె రాసి దువ్వాను.

పొద్దుటి బండికి బయలుదేరాం. స్టేషనులో హమాలీలు ఇద్దరు కుర్చీతో సహా ఎత్తి పెట్టెలోకి ఎక్కించారు. వాళ్ళలో పెద్దవాడు బాపును గుర్తుపట్టి, "సేటూ, మీ దుకాణంల బస్తాలు మోసిన" అని దండం పెట్టాడు. "ఊ" అన్నాడు బాపు. కిటికీ పక్క సీటులో ఆనించి కూర్చోబెట్టి దుప్పటి కప్పాను. బండి కదలడానికి ఇంకా టైముంది. తమ్ముడు కూజాలో నీళ్ళు పట్టుకొస్తానని దిగాడు. నేను బాపు పక్కన కూర్చున్నాను. పుస్తకం కాగితాలు తేలేదు. ఏదో ఒకటి అనాలని, "జాగ్రత్త బాపూ, కోడలు పెట్టింది మారాం చెయ్యకుంట తిను" అన్నాను.

ఆయన ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. ఊ అంటాడనుకున్నాను. ఊ రాలేదు. గొంతులోంచి ఏవో శబ్దాలు వచ్చాయి, మాటలు కావు, విరిగి విరిగి, ఒకదాని మీద ఒకటి పడుతూ. మూతి ఒక పక్కకు లాగుతోంది. చెంప మీద ఉమ్మి కారుతోంది. ఎదుటి సీటులో కూర్చున్న ఆవిడ మొహం తిప్పుకుంది. ఆయన పట్టించుకోలేదు. ఒక వాక్యమంత పొడుగున చెప్పాడు. చెప్పి ఆగాడు. ఆగి నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేనడిగిన ప్రశ్నకు జవాబో, తిట్టో, దీవెనో, పుస్తకంలో దిద్దుకోవలసిన తప్పో. మళ్ళీ చెప్పమని అడగబోయాను. అడిగితే అర్థం కాలేదని తెలిసిపోతుంది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు, కథ మధ్యలో ఆపినవాడు చూసినట్టు.

"ఊ" అన్నాను.

ఆయన మొహం తేటపడింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా పొడుగ్గా, పట్టెను కొట్టిన చేత్తోనే నా చెయ్యి ఆడిస్తూ, ఎక్కడో గట్టిగా, ఎక్కడో మెల్లగా. ఆగినప్పుడల్లా నేను ఊ కొట్టాను. తమ్ముడు నీళ్ళతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. గార్డు విజిల్ వేసినా బాపు ఆపలేదు. బండి కదులుతుంటే తమ్ముడు నా చెయ్యి విడిపించి నన్ను కిందికి దించాడు. కిటికీ పక్కన కొంతదూరం నడుస్తూ ఊ కొట్టాను, ఆయన చెబుతూనే ఉన్నాడు.